నెట్ లేకుండా దారి చూపే ఉచిత మ్యాప్ ఆప్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్లో ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత ఆప్ పెట్టుకుని కొన్నాళ్లుగా వాడుతున్నాను. నల్లమలలో సిగ్నల్ పోయాక కూడా అది మలుపు మలుపూ చెబుతుంటే కారులో ఉన్న మా వాళ్లంతా తమ ఫోన్లలోనూ పెట్టించుకున్నారు. అప్పటినుంచి బాబాయి మొదలుకుని ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల దాకా అందరూ అవే సందేహాలు అడుగుతున్నారు. వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి, కింద జవాబులు పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## పెట్టుకునే ముందు

నెట్ ఆపేస్తే మ్యాప్ తెల్లగా అయిపోతుంది కదా, మరి ఇది ఎలా పనిచేస్తుంది?

మనం ఎక్కడున్నామో తెలియడం ఒకటి, చుట్టూ ఏ రోడ్లున్నాయో తెలియడం ఇంకొకటి. మొదటిది ఆకాశం నుంచి వస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, "నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఇప్పుడు టైము ఇంత, నేనున్న చోటు ఇది" అని ఆగకుండా పంపుతుంటాయి. ఆ కబురు ఫోన్‌కు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో ఫోన్ లెక్కగడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే మీ చోటు తేలిపోతుంది. దీనికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, రీఛార్జ్ అక్కర్లేదు.

రెండోది, అంటే రోడ్లు, ఊళ్లు, గుళ్లు, పెట్రోలు బంకులు ఉన్న మ్యాపు. మామూలుగా మనం వాడే ఆప్‌లు దాన్ని నెట్‌లో నుంచి అప్పటికప్పుడు తెచ్చి చూపిస్తాయి. నెట్ పోతే తెర తెల్లబోయేది అందుకే. అప్పుడు కూడా నీలం చుక్క సరైన చోటే ఉంటుంది, దాని కింద మ్యాపే ఉండదు. ఆర్గానిక్ మ్యాప్స్ లాంటివి మ్యాపును ముందే ఫోన్లోకి దించుకుంటాయి. ఊరు వెతకడం, దారి లెక్కగట్టడం అన్నీ ఫోన్లోనే జరుగుతాయి.

అంటే ఉపగ్రహానికి మనం ఎక్కడున్నామో తెలిసిపోతుందా?

తెలియదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి మీ ఇంట్లో రేడియో పెట్టారో లేదో తెలుస్తుందా? ఇదీ అంతే. ఫోన్లో ఉన్న జీపీఎస్ చిప్ వింటుంది తప్ప ఉపగ్రహానికి ఏమీ పంపదు. మీ చోటు బయటికి పొక్కేది ఆప్‌ల ద్వారా. ఏ ఆప్ మీ లొకేషన్‌ను నెట్‌లో ఎవరికి పంపుతోందన్నదే అడగాల్సిన ప్రశ్న. ఆర్గానిక్ మ్యాప్స్‌లో ప్రకటనలు లేవు, వాడేవాళ్లను వెంటాడి సమాచారం పోగుచేసే ఏర్పాటూ లేదు. లాగిన్ కూడా అడగదు.

నిజంగా ఉచితమేనా? తర్వాత డబ్బులు అడుగుతుందా?

ఉచితమే. విరాళాల మీద నడుస్తోంది. మ్యాప్స్.మి అనే పాత ఆప్‌ను మొదట తయారుచేసినవాళ్లే, అది చేతులు మారాక దాని ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి వాడుకోగల) కోడ్‌తో 2021లో దీన్ని మొదలుపెట్టారు. లోపలున్న మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఆ మ్యాపును ప్రపంచమంతా స్వచ్ఛందంగా గీస్తూనే ఉంది. వికీపీడియా ఎలా తయారవుతుందో ఇదీ అలాగే.

ప్లే స్టోర్, ఆపిల్ ఆప్ స్టోర్, ఆండ్రాయిడ్ ఫోన్లకు ఓపెన్ సోర్స్ ఆప్‌లు ఇచ్చే ఎఫ్-డ్రాయిడ్, ఈ మూడింట్లోనూ దొరుకుతుంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలు మాత్రం ఎక్కించుకోకండి.

గూగుల్ మ్యాప్స్ ఉండగా ఇంకోటి ఎందుకు?

ఉన్నదాన్ని తీసేయమని నేను ఎవరికీ చెప్పను. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ వెళ్లాలంటే ట్రాఫిక్ ఎక్కడ నిలిచిందో చూపే ఆప్ కావాలి, ఆర్గానిక్ మ్యాప్స్ ఆ పని చేయదు. అదే మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ రోడ్డులో వెళ్తున్నప్పుడు నెట్ కోసం ఎదురుచూసే ఆప్ ఎంత మంచిదైనా ఉపయోగం ఉండదు. గూగుల్‌లో కూడా ఆఫ్‌లైన్ మ్యాపులు దించుకోవచ్చు, కానీ ఒక గడి గీసి అంతవరకే దించుకోవాలి, దానికి గడువుంటుంది. రాష్ట్రం మొత్తం ఫోన్లో పెట్టుకుని నెలల తరబడి నెట్ లేకుండా వాడుకోవడానికి ఇది సౌకర్యం.

ఇలాంటివి ఇంకేమున్నాయి?

ఓస్మాండ్ ఉంది. 2010 నుంచి వస్తోంది, అదీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీదే నడుస్తుంది. సెట్టింగులు చాలా ఎక్కువ, ట్రెక్కింగ్ చేసేవాళ్లకు ప్రాణం. ప్లే స్టోర్‌లోని ఉచిత ఓస్మాండ్‌లో దించుకునే మ్యాపుల సంఖ్యకు పరిమితి ఉంటుంది. ఆర్గానిక్ మ్యాప్స్ నుంచే విడిపోయి 2025లో కోమ్యాప్స్ వచ్చింది, చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. మన దేశపు మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపుల్స్ కూడా ఉచితమే. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు ఆర్గానిక్ మ్యాప్స్ తేలికని నా అభిప్రాయం.

మన నావిక్‌తో పనిచేస్తుందా?

నావిక్ అంటే జీపీఎస్ లాంటి మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ. దానితో పనిచేయడం ఆప్ చేతిలో లేదు, ఫోన్లోని చిప్ చేతిలో ఉంది. చిప్ ఏ ఉపగ్రహాలను వినగలిగితే వాటన్నిటినీ కలిపి ఒక్క చోటు తేల్చి ఆప్‌కు ఇస్తుంది. ఈరోజుల్లో ఫోన్లు అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూలను వింటాయి. కొన్ని ఫోన్లు నావిక్‌నూ వింటాయి.

నావిక్ తొలి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. తర్వాత వాటిలో కొన్నిటి పరమాణు గడియారాలు చెడిపోయాయి. ఈ పద్ధతిలో గడియారమే గుండెకాయ కాబట్టి అది పెద్ద దెబ్బ. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 అనే కొత్త నావిక్ ఉపగ్రహంలో మనవాళ్లు చేసిన రుబీడియం పరమాణు గడియారం పెట్టారు. ఫోన్లు తేలికగా అందుకునే ఎల్1 బ్యాండ్ కూడా దానితోనే మొదలైంది. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి జరిగిన నూరో ప్రయోగంలో ఎన్‌వీఎస్-02 వెళ్లింది, కానీ అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. కాబట్టి ఫోన్ నావిక్ ఒక్కదాని మీదే ఆధారపడదు, అన్నిటితో కలిపి వాడుతుంది. మీ ఫోన్ దేన్ని వింటోందో చూడాలనుంటే జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత ఆప్ పెట్టుకుని మేడమీదికి వెళ్లండి. దేశాల జెండాలతో ఉపగ్రహాలు వరసగా కనబడతాయి. అందులో మూడు రంగుల జెండా కనబడిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తే.

## మొదటి రోజు

ఏ మ్యాపులు దించుకోవాలి? ఇండియా అంతా ఒకేసారి వస్తుందా?

రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఇంట్లో వైఫై ఉండగా, ప్రయాణానికి ముందురోజే దించుకోండి. దారిలో ఏయే రాష్ట్రాలు తగులుతాయో చూసుకోవాలి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లేవాళ్లు తెలంగాణ, కర్ణాటక దించుకుని బయల్దేరతారు, మధ్యలో కర్నూలు నుంచి అనంతపురం దాటేదాకా ఆంధ్రప్రదేశ్ అన్నది మరిచిపోతారు. భద్రాచలం వెళ్లేవాళ్లయితే రెండు రాష్ట్రాలూ దించుకోవడమే మంచిది, ఊరు దాటి ఎటపాక వైపు నాలుగడుగులు వేస్తే ఆంధ్ర. బయల్దేరేముందు ఇంట్లోనే ఒకసారి దారి అడిగి చూడండి, ఏ మ్యాపు తక్కువైందో ఆప్ చెబుతుంది.

లొకేషన్ పర్మిషన్ అడుగుతోంది, ఏది నొక్కాలి?

"ఆప్ వాడుతున్నప్పుడు మాత్రమే" చాలు. ఆండ్రాయిడ్ 12 నుంచి "కచ్చితమైన", "ఉజ్జాయింపు" అని రెండు బొమ్మలు చూపిస్తుంది. కచ్చితమైనదే ఎంచుకోవాలి. ఉజ్జాయింపు ఎంచుకుంటే మీ చోటు కిలోమీటర్ల తేడాతో వస్తుంది, వీధుల్లో దారి చూపడం కుదరదు.

పెట్టగానే నేనెక్కడున్నానో చూపించలేదు. చాలాసేపు తిరుగుతూనే ఉంది. పాడైందా?

పాడవలేదు. ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పంపడానికి 30 సెకన్లు పడుతుంది, అదీ సిగ్నల్ తెగకుండా అందితే. ఇంటి స్లాబు కింద, గుమ్మంలో, చెట్ల కింద అది తెగుతూ ఉంటుంది, మళ్లీ మొదటికి వస్తుంది. నెట్ ఉంటే ఆ వివరాలు ఫోన్ నెట్ నుంచే తెచ్చేసుకుంటుంది, కాబట్టి క్షణాల్లో చుక్క పడుతుంది. నెట్ లేకపోతే, అందులోనూ ఫోన్ చాలా దూరం ప్రయాణించాక లేదా చాలారోజులు ఆపి ఉంచాక, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. బయటికి వచ్చి, ఆకాశం బాగా కనబడే చోట ఫోన్ పట్టుకుని కదలకుండా నిలబడండి. వరండాలో కూర్చుని విసుక్కున్న మా బాబాయిని వీధిలోకి తీసుకెళ్తే నిమిషంలో పని అయింది.

ఇంట్లో కూర్చుంటే పక్కవీధిలో చూపిస్తోందేం?

ఉపగ్రహం సిగ్నల్ మన దాకా వచ్చేసరికి చాలా బలహీనపడుతుంది. గోడలు దాన్ని మింగేస్తాయి, ఎదురింటి అపార్టుమెంటు గోడకు తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ ఫోన్‌ను ఏమారుస్తుంది. ఆరుబయట మామూలు ఫోన్‌కు సుమారు 5 మీటర్ల అటూ ఇటూ తేడా సహజం. చుక్క చుట్టూ లేత రంగు వలయం ఉంటుంది చూడండి, "ఈ వలయంలో ఎక్కడో ఉన్నారు" అని దాని అర్థం. వలయం పెద్దగా ఉంటే చుక్కను నమ్మకండి.

బాణం గుర్తు ఎటో తిరిగి ఉంటోంది.

నిలబడి ఉన్నప్పుడు దిక్కు చెప్పేది ఉపగ్రహం కాదు, ఫోన్లోని దిక్సూచి. అయస్కాంతం ఉన్న కవరో, కారులోని హోల్డరో దాన్ని చెడగొడుతుంది. కవరు తీసి ఫోన్‌ను గాలిలో 8 అంకె వేసినట్టు నాలుగుసార్లు తిప్పండి. లేదా పది అడుగులు నడవండి, కదిలితే బాణం సర్దుకుంటుంది.

పాత ఫోన్ ఉంది, సిమ్ లేదు. దాన్ని కారులో పెట్టుకోవచ్చా?

చక్కగా పెట్టుకోవచ్చు, పాత ఫోన్‌కు అంతకంటే మంచి ఉపయోగం ఉండదు. ఇంట్లో వైఫైతో మ్యాపులు దించి కారులో ఉంచేయండి. వైఫై మాత్రమే ఉండే కొన్ని ట్యాబ్లెట్లలో జీపీఎస్ చిప్ ఉండదు, అది ఒక్కటి చూసుకోండి.

## ఊరు వెతకడం

మా ఊరి పేరు కొడితే రావట్లేదు.

చాలాసార్లు ఊరు ఉంటుంది, స్పెల్లింగే వేరు. మన "త"ను ఒకరు "టీ"తో, ఇంకొకరు "టీ హెచ్"తో రాస్తారు. "పల్లి", "పల్లె", "పాలెం", "పాళెం" అన్నీ ఇంగ్లీషులో నాలుగు రకాలుగా ఉంటాయి. మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టి జాబితా చూడండి. పేరు మారిన ఊళ్లకు రెండు పేర్లూ ప్రయత్నించండి: రాజమండ్రి, రాజమహేంద్రవరం. అయినా దొరక్కపోతే పక్కనున్న మండల కేంద్రం తెరిచి వేలితో జరుపుతూ వెతకండి, చెరువు ఆకారం చూసి మన ఊరు గుర్తుపట్టేస్తాం.

ఒకే పేరుతో చాలా ఊళ్లు వస్తున్నాయి. ఏది మనది?

కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం అని కొడితే అదే వరస. జిల్లా పేరు చూసి నిర్ణయించుకుందామంటే అక్కడా చిక్కే. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి, కొన్ని ఊళ్ల పక్కన పాత జిల్లా పేరే ఉండొచ్చు. దూరం చూడటం మేలు. ప్రతి పేరు పక్కనా మీ దగ్గర్నుంచి ఎన్ని కిలోమీటర్లో ఉంటుంది. నలభై కిలోమీటర్లలో ఉండాల్సిన ఊరు మూడొందలు చూపిస్తే అది వేరే కొత్తపల్లి.

ఇంటి నంబరు కొడితే ఇల్లు చూపిస్తుందా?

మన దగ్గర సాధారణంగా చూపించదు. మన డోరు నంబర్లు వరసలో ఉండవు, మ్యాపులోకి ఎక్కినవీ కొద్దే. మనవాళ్లు చిరునామా చెప్పే తీరు వేరు: "వేపచెట్టు దగ్గర ఎడమకు తిరిగి రేషన్ షాపు ఎదురుగా". కాబట్టి దగ్గర్లోని గుడి, బడి, బ్యాంకు పేరుతో అక్కడిదాకా వెళ్లండి.

పెళ్లికి వాట్సాప్‌లో లొకేషన్ పంపారు. దాన్ని ఇందులో ఎలా తెరవాలి?

నమ్మకమైన పద్ధతి అంకెలు. ఏ చోటుకైనా అక్షాంశం, రేఖాంశం అని రెండు అంకెలుంటాయి. ఉదాహరణకు 17.3616, 78.4747 అని వెతికితే చార్మినార్ వస్తుంది. పంపేవాళ్లను ఆ రెండు అంకెలు మెసేజ్‌లో రాయమనండి. వెతికే చోట అతికించి, వచ్చిన చోటును ముందురోజే నక్షత్రం గుర్తు నొక్కి దాచుకోండి, పెళ్లిరోజు నెట్ లేకపోయినా ఉంటుంది. పల్లెలో ఫంక్షన్ హాలు ఊరి బయట ఉంటే ఈ అంకెలే దిక్కు.

తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్ అని 10 అక్షరాల కోడు తెచ్చింది. దేశాన్ని సుమారు 4 మీటర్ల గడులుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో కోడు ఇచ్చారు. దీని తయారీలో ఐఐటీ హైదరాబాద్, మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాలుపంచుకున్నాయి. డోరు నంబరు లేని ఇళ్లకు కూడా చిరునామా దొరుకుతుందని నాకు దాని మీద చాలా ఆశ ఉంది.

## బయల్దేరాక

బైక్ మోడ్ ఎక్కడుంది?

కారు, నడక, సైకిల్, మెట్రో ఉన్నాయి, మోటారు సైకిల్‌కు విడిగా లేదు. కారు మోడ్ పెట్టుకుని దారి ఐచ్ఛికాల్లో "ఎక్స్‌ప్రెస్ రోడ్లు వద్దు" అన్నది ఎంచుకోండి. హైదరాబాద్‌లో ఇది తప్పనిసరి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంలోకి ద్విచక్ర వాహనాలను రానివ్వరు, పక్కనున్న సర్వీసు రోడ్డులో వెళ్లాలి. సైకిల్ మోడ్ పెడితే కొన్నిసార్లు పొలం గట్లలోకి తీసుకెళ్తుంది. విడిగా మోటారు సైకిల్ మోడే కావాలంటే ఓస్మాండ్‌లో ఉంది.

మాటలు తెలుగులో వస్తాయా?

మాట్లాడేది ఆప్ కాదు, ఫోన్లోని టెక్స్ట్-టు-స్పీచ్, అంటే రాసినదాన్ని చదివి వినిపించే ఏర్పాటు. గూగుల్ స్పీచ్ సర్వీసుల్లో తెలుగు గొంతు ఉంది, ముందే దించుకోవాలి. ఇక మ్యాప్ ఆప్ సెట్టింగ్స్‌లో వాయిస్ భాషల జాబితా తెరవండి, తెలుగు ఉంటే అదే, లేకపోతే ఇంగ్లీషో హిందీయో పెట్టుకోండి. మా అమ్మకు ఇంగ్లీషు రాదు, కానీ రెండు ప్రయాణాల్లో "లెఫ్ట్", "రైట్", "రౌండెబౌట్" పట్టేసి వెనకసీట్లోంచి నాకే చెప్పడం మొదలుపెట్టింది.

ఫ్లైఓవర్ ఎక్కానో కిందున్నానో దానికి తెలియట్లేదు!

తెలియదు నిజమే. ఉపగ్రహాలతో ఎత్తు లెక్క, అడ్డదూరం లెక్క కంటే ముతకగా వస్తుంది, పైరోడ్డూ కిందిరోడ్డూ మ్యాపులో ఒకదాని మీద ఒకటి పడతాయి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కింద ఇది బాగా ఇబ్బంది. అక్కడ జనం పద్ధతే సరైనది: "పిల్లర్ నంబరు ఎంత?" అని అడిగి ఆ నంబరు చూసుకుంటూ వెళ్లాలి. ఫ్లైఓవర్ మొదలయ్యే చోటికి ముందే ఎక్కాలో వద్దో తెరమీద చూసి పెట్టుకోండి.

శ్రీశైలం దారి చూపించింది, రాత్రి బయల్దేరితే గేటు వేసేశారు. ఆప్ ఎందుకు చెప్పలేదు?

అడవి దారుల్లో వేళలు ఆప్ చూసుకోదు, మీరే తెలుసుకోవాలి. హైదరాబాద్ వైపు నుంచి మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు ఆపేస్తారు, దోర్నాల వైపు కూడా అంతే. అది పెద్దపులుల అడవి, రాత్రి వాటి సమయం. ఆప్ చూపించే చేరే వేళను గేటు మూసే వేళతో పోల్చుకుని బయల్దేరండి. ఘాట్‌లో ఆప్ లెక్క కంటే ఎక్కువ సమయం పడుతుంది, గంట అదనంగా చేతిలో ఉంచుకోండి.

ఆప్ చెప్పిన దారిని ఎంతవరకు నమ్మొచ్చు?

పగటిపూట, పెద్ద రోడ్ల మీద, బాగా నమ్మొచ్చు. రాత్రి, వానలో, తెలియని చిన్నదారిలో నమ్మకూడదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, ఒక చివర కొట్టుకుపోయిన వంతెన మీదికి కారు వెళ్లి రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. వాళ్లు నావిగేషన్ చూస్తూ వెళ్తున్నారని వార్తలు వచ్చాయి. అడ్డంగా ఒక బారికేడ్ ఉన్నా ఆ ప్రాణాలు నిలిచేవి. ఆ వార్త చదివినప్పటినుంచి నేను రాత్రిపూట కొత్త వంతెన కనబడితే వేగం తగ్గిస్తాను.

ఏ మ్యాపుకైనా ఇవాళ కురిసిన వాన తెలియదు. మన దగ్గర వాగుల మీద కాజ్‌వేలు చాలా ఉన్నాయి, మ్యాపులో అవి మామూలు రోడ్డులాగే కనిపిస్తాయి. నీళ్లు పారుతుంటే తెర మీద ఎంత దగ్గరదారి ఉన్నా వెనక్కి తిరగండి. ఒకసారి ఒక ఆప్ నన్ను పది కిలోమీటర్లు కలిసొస్తుందని పత్తిచేల మధ్య మట్టిదారిలోకి దింపింది. ఎద్దులబండి మనిషి ఆపి, "వాన పడ్డది బాబూ, ముందుకు పోతే బండి దిగబడుతుంది" అని చెప్పకపోతే ఆ రాత్రి అక్కడే. నల్లరేగడిలో దిగబడిన కారు ట్రాక్టర్ వస్తే గానీ కదలదు. "మట్టిరోడ్లు వద్దు" అన్న ఐచ్ఛికం ఆప్‌లో ఉంది, వానాకాలమంతా అది పెట్టి ఉంచండి. చిన్నదారి తగిలితే టీకొట్టు దగ్గర ఆగి ఒక్కమాట అడగండి.

ఫోన్ చూస్తూ నడిపితే ఫైన్ వేస్తారా?

చేత్తో పట్టుకుని మాట్లాడుతూ నడిపితే తప్పకుండా. దారి చూసుకోవడానికి మాత్రం, డ్రైవరు ఏకాగ్రత చెదరని విధంగా వాడుకోవచ్చని 2020 అక్టోబరు నుంచి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేర్చారు. హోల్డర్‌లో బిగించి, గమ్యం ముందే కొట్టి, చెవితో వినండి. మార్చాలనుకుంటే బండి పక్కకు ఆపండి.

బ్యాటరీ తినేస్తోంది, ఫోన్ కాలిపోతోంది.

ఎక్కువ తినేది జీపీఎస్ కాదు, వెలుగుతున్న తెర. పొడుగాటి జాతీయ రహదారి మీద వెళ్తుంటే తెర ఆపి మాటలు మాత్రం వినండి. ఏప్రిల్, మే నెలల్లో అద్దం వెనక ఎండలో ఫోన్ పెడితే వేడెక్కి ఆగిపోతుంది. ఏసీ గాలి తగిలే చోట బిగించండి, ఆ సమయంలో ఛార్జింగ్ పెట్టకండి. తెర ఆపగానే మాటలు కూడా ఆగిపోతుంటే ఫోన్ సెట్టింగ్స్‌లో ఈ ఆప్‌కు బ్యాటరీ నియంత్రణ తీసేయాలి.

బైక్ హ్యాండిల్‌కు బిగించేవాళ్లకు ఒక మాట: ఇంజిన్ అదురు కొన్ని ఫోన్ల కెమెరాలను చెడగొడుతుంది. ఆపిల్ కూడా 2021లో ఈ సంగతి చెప్పి హెచ్చరించింది. అదురు తగ్గించే హోల్డర్ కొనండి, లేదా ఫోన్ జేబులో పెట్టుకుని హెల్మెట్ ఇయర్‌ఫోన్‌లో మాటలు వినండి, అదీ తక్కువ శబ్దంతో.

## కొన్నాళ్లు వాడాక

మా వీధి మ్యాపులో లేదు. ఎవరికి చెప్పాలి?

ఎవరికీ చెప్పనక్కర్లేదు, మీరే చేర్చవచ్చు. ఈ ఆప్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. దుకాణం, గుడి, ఏటీఎం, బోరింగు లాంటివైతే ఆప్‌లోనే "చోటు చేర్చు" నొక్కి, ఉచిత ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఖాతాతో పంపండి. కొత్త రోడ్డు గీయాలంటే కంప్యూటర్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైటు తెరిచి, ఉపగ్రహ చిత్రంలో కనబడే రోడ్డు మీద గీత గీయాలి. ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే ఇంకో ఉచిత ఆప్ ఉంది. వీధిలో నడుస్తుంటే "ఈ రోడ్డు తారుదా, మట్టిదా?" లాంటి చిన్న ప్రశ్నలు అడుగుతుంది, జవాబు నొక్కితే చాలు.

మా అమ్మమ్మగారి ఊరికి నేను తెరిచేసరికి ఒక గీత, ఒక పేరు తప్ప ఏమీ లేవు. సంక్రాంతి సెలవుల్లో మూడురోజులు తిరిగి రామాలయం, బడి, పాలకేంద్రం, చెరువుగట్టు దారి చేర్చాను. తర్వాత నెలలో మ్యాపు నవీకరించుకుంటే అవన్నీ ఉన్నాయి. ఊళ్లోకి అంబులెన్స్ వచ్చే రోజున ఎవరో ఎదురెళ్లి తీసుకురానక్కర్లేదు.

గూగుల్ మ్యాప్ చూసి పేర్లు ఎక్కించవచ్చా? తొందరగా అయిపోతుంది కదా.

వద్దు. వాళ్ల మ్యాపు వాళ్ల సొత్తు. అందులోంచి ఎత్తి రాసినవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కనబడితే తీసేస్తారు, మీ కష్టం వృథా. కళ్లతో చూసినది, మీకు స్వయంగా తెలిసినది మాత్రమే రాయండి.

మ్యాపులు తరచూ అప్‌డేట్ చేయాలా?

రెండు మూడు నెలలకోసారి చాలు, పెద్ద ప్రయాణానికి ముందు తప్పనిసరిగా. కొత్త బైపాస్‌లు తెరుచుకుంటూనే ఉన్నాయి.

అమెరికాలో ఉన్న అబ్బాయి దగ్గరకు వెళ్తున్నాం. అక్కడా పనిచేస్తుందా?

పనిచేస్తుంది. అబ్బాయి ఉండే రాష్ట్రం మ్యాపు ఇక్కడే దించుకుని వెళ్లండి. వెళ్లిన మొదటిరోజే, ఇంటి ముందు నిలబడి ఆ చోటును "ఇల్లు" అని దాచుకోండి. అక్కడి కాలనీల్లో ఇళ్లన్నీ ఒక్కలా ఉంటాయి, సాయంత్రం నడకకు వెళ్లిన పెద్దవాళ్లు మలుపు మరిచిపోవడం మామూలే. దారిలో అడుగుదామంటే మనిషి కనబడడు. అక్కడి సిమ్ లేకపోయినా నడక మోడ్‌లో "ఇల్లు" నొక్కితే గుమ్మం దాకా తీసుకొస్తుంది.

దీంతో పొలం కొలుచుకోవచ్చా?

హద్దులకు పనికిరాదు. ఎకరం చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు సుమారు 63.6 మీటర్లు. ఒక గట్టును ఫోన్ 5 మీటర్లు అటు చూపిస్తే 318 చదరపు మీటర్ల తేడా, అంటే దాదాపు 8 సెంట్లు. తెలంగాణ లెక్కలో మూడు గుంటల పైమాటే. అన్నదమ్ముల మధ్య ఒక్క సెంటుకే మాటలు ఆగిపోయిన ఇళ్లున్నాయి, ఫోన్ కొలత చూపించి గొడవ పెట్టుకోకండి. హద్దు తేలాలంటే మండల సర్వేయరుకు అర్జీ పెట్టండి. బోరు ఎక్కడుందో, ఏ మూల నుంచి దారి ఉందో గుర్తు పెట్టుకోవడానికి మాత్రం ఆప్ బాగుంటుంది.

ఫోన్ మారిస్తే దాచుకున్న చోట్లన్నీ పోతాయా?

లాగిన్ లేదు కాబట్టి వాటంతట అవి కొత్త ఫోన్లోకి రావు. గుర్తుల జాబితా తెరిచి "ఎగుమతి" నొక్కితే ఒక చిన్న ఫైలు తయారవుతుంది, దాన్ని మీకు మీరే మెయిల్ చేసుకోండి. కొత్త ఫోన్లో ఆప్ పెట్టి ఆ ఫైలు తెరిస్తే అన్నీ వచ్చేస్తాయి. ఇంట్లో అందరికీ అదే ఫైలు పంపితే ఊరి ఇల్లు, పొలం, డాక్టరు, చుట్టాల ఇళ్లు అందరి ఫోన్లలోనూ ఉంటాయి.